మరిసోల్ గారి ఆగిపోయిన తరగతి

శాశ్వత నివాసానికి పాయింట్లు రాని భాషను నేర్చుకోవడం వృథా అని మీరూ అనుకుంటున్నారా? నిన్న కెనడాలోని గ్వెల్ఫ్ శివార్లలోని గ్రీన్‌హౌస్‌లో టమాటా తీగల పచ్చి ఘాటు ముక్కుకు తగలగానే ఈ ప్రశ్న నాలో మళ్లీ కదిలింది. మొక్కల తెగుళ్లను పరిశీలించడం నా ఉద్యోగం. మెక్సికో నుంచి వచ్చిన ఒక కార్మికుడు తన కూతురి గురించి స్పానిష్‌లో ఏదో చెబుతూ నవ్వాడు. నాకు సగమే అర్థమైంది. మిగతా సగం నేర్పవలసిన మనిషి ఇప్పుడు ఈ ఊళ్లో లేరు.

ఆవిడ మరిసోల్ గారు. మాస్టర్స్ చదువుతున్న రోజుల్లో, వేసవిలో ఉదయం నుంచి సాయంత్రం దాకా సాగే ఆవిడ స్పానిష్ తరగతిలో చేరాను. తోటలో పనిచేసేవారితో మాట్లాడకుండా, వారు పెంచిన మొక్కలపై పరిశోధన చేయడం నాకు న్యాయంగా తోచలేదు. నా రూమ్‌మేట్ స్రవంతికి మాత్రం అది పిచ్చిపనిగా కనిపించింది.

"ఫ్రెంచ్ అయితే పీఆర్‌కి పాయింట్లొస్తాయి. స్పానిష్‌తో ఏం చేస్తావే, టాకోలు ఆర్డర్ చేస్తావా?"

"ఉపయోగమంటే పాయింట్లేనా?" అన్నాను.

"మొదలెట్టావా డిబేట్? తల్లీ, నన్నొదిలెయ్."

కాలేజీ డిబేట్ పోటీలు నాకు నేర్పిన విద్య అదే: ఎదుటివారి మాటలో బీట కనిపించగానే అక్కడ దెబ్బ వేయడం. తరగతిలో ఇంగ్లిష్ నిషేధం. అయినా ఆ అలవాటు వచ్చీరాని స్పానిష్‌లోకీ చొరబడింది. ఒకరోజు నా జంటగా కూర్చున్న కెవిన్, "మా ఊరు విన్నిపెగ్ చలి నాకిష్టం లేదు. కానీ దాని మీద బెంగగా ఉంది" అన్నాడు. "ఇష్టం లేనిదాని మీద బెంగేమిటి? రెండింటిలో ఒకటి అబద్ధం" అన్నాను. అతను పుస్తకం వైపు తిరిగిపోయాడు.

మరిసోల్ గారు మా బల్ల దగ్గర ఆగారు. "భేష్, గెలిచావు. ఇక భోజనాల దాకా అతను నీతో మాట్లాడతాడంటావా?"

అందరూ నవ్వారు. ఆవిడ తరగతికి ఒక పద్ధతి పెట్టారు. జవాబు చెప్పేముందు ఎదుటివారి మాటను మన మాటల్లో తిరిగి చెప్పాలి. వారు "అవును, అదే" అనేదాకా మన అభిప్రాయానికి చోటు లేదు. కెవిన్‌తో ఆ మాట అనిపించుకోవడానికి నాకు చాలాసేపు పట్టింది. అతని బెంగ చలి మీద కాదు. తెల్లవారుజామున కిటికీ కింద అతని అమ్మమ్మ మంచు ఎత్తే పార చప్పుడు మీద.

వేసవి చివర రెండో స్థాయి తరగతిని ప్రకటించారు. తగినంత మంది చేరకపోతే అది రద్దవుతుంది. ఆవిడ కాంట్రాక్టూ ముగుస్తుంది. నేను చేరాను. మిగతావాళ్లను అడిగితే అందరూ ప్రేమగా ఒకే మాట అన్నారు: "వచ్చే టర్మ్ తప్పకుండా." కెవిన్‌కు ల్యాబ్ పని, ఇంకొకరికి ఫ్రెంచ్ పరీక్ష. వారి కారణాలను నేనెలా తప్పుపట్టగలను?

మా విశ్వవిద్యాలయ భాషా విభాగం కార్యాలయంలో నా వాదనంతా వినిపించాను. అక్కడి అధికారి ఓపికగా విని, "మీరన్నదాంట్లో తప్పేమీ లేదు. కుర్చీలే నిండలేదు" అన్నారు.

మరిసోల్ గారు వాళ్ల అక్క దగ్గరికి వెళ్లిపోతూ నాతో అన్న మాట ఒక్కటే: "నాతో పోట్లాడేంత స్పానిష్ నీకు వచ్చాక వెళ్దామనుకున్నాను."

ఆ పోట్లాట జరగలేదు. నేటికీ ఎవరైనా మాట్లాడుతుంటే, "మీరన్నది ఇదేనా?" అని అడిగి ఆగుతాను. ఆవిడ నుంచి నాకు దక్కింది అదే. "మళ్లీ ఆ క్లాస్ పెడితే చెప్పవే" అని స్రవంతి మొన్న ఫోన్‌లో అంది. ఇక పెట్టరు.

మీ విశ్వవిద్యాలయంలో కుర్చీలు నిండని భాషా తరగతి ఒకటి ఉండే ఉంటుంది. దయచేసి వచ్చే టర్మ్ దాకా ఆగకండి. ఈ వారమే వెళ్లి చేరండి. వెంట ఇంకొకరిని తీసుకెళ్లండి.