కుందేళ్ళు ఎంచుకున్న మూల

వెస్ట్‌మీడ్‌లో ఓ ఆసుపత్రి పిల్లల వార్డులో నర్సుగా పదకొండేళ్ళుగా తల్లులకు ఒకటే చెబుతున్నాను: "కసరకండి, తొందరపెట్టకండి. పిల్లలు వాళ్ళంతట వాళ్ళే నేర్చుకుంటారు." మా ఇంటికి రెండు కుందేలు పిల్లలు వచ్చిన వారంలోనే ఆ మాట నేనే మరిచిపోయాను.

ఏడాదిపాటు అడిగి అడిగి వాటిని సాధించింది తొమ్మిదేళ్ళ మా అమ్మాయి. అక్కచెల్లెళ్ళే రెండూ, ఒకటి తెల్లది, ఒకటి బూడిదరంగుది. ఇంట్లో బట్టలుతికే లాండ్రీ గదిలో వాటి దొడ్డికి ఒక ట్రే పెట్టి, అందులో కాగితపు గుళికలు పోసి, రెండింటినీ తెచ్చి కూర్చోబెట్టాను. మర్యాదగా కూర్చుని మూతులు తుడుచుకున్నాయి. ఆ తర్వాత దిగి, హాల్లోకి పరుగెత్తి, సోఫాకీ గోడకీ మధ్య మూలలో పని కానిచ్చాయి.

మూల కడిగాను. వెనిగర్ చల్లాను. అట్టపెట్టె అడ్డం పెడితే, దాని మీదకెక్కి మరీ కానిచ్చాయి.

"ఏంటి, నీ పేషెంట్లు మాట వినట్లేదా?" అన్నాడు మా ఆయన, కాఫీ తాగుతూ.

ఒక శనివారం డ్యూటీకి బయల్దేరుతూ బూటులో కాలు పెడితే లోపల పెంటికలు!

"ఛీ! ఎన్నిసార్లు చెప్పాలే మీకు!" అని అరిచాను. రెండూ సోఫా కిందికి దూరాయి.

మా అమ్మాయి నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడింది. "అమ్మా, దే ఆర్ జస్ట్ బేబీస్! నో యెల్లింగ్ అని అందరికీ నువ్వే చెప్తావ్ కదా!"

నేను గొంతు తగ్గించి, బూటు బయటికి తీసుకెళ్ళి దులిపాను.

సోమవారం వాటిని వెట్ దగ్గరికి, అంటే జంతువుల డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్ళాం. ఆవిడ అంతా ఓపిగ్గా విని, "ట్రే ఎక్కడుంది?" అని అడిగింది.

"లాండ్రీలో."

"అవి ఎక్కడికి వెళ్తున్నాయి?"

"హాల్లో మూలకి."

"మరి ట్రే కూడా అక్కడే పెట్టండి. ఒక పక్క ఎండుగడ్డి వెయ్యండి, తింటూనే పని కానిచ్చేస్తాయి. కాస్త పెద్దయ్యాక పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయిస్తే అలవాటు కుదురుతుంది."

"హాల్లోనా? ఎవరైనా వస్తే?" అన్నాను. మా అమ్మాయి అప్పటికే తల ఊపేసింది.

ఇంటికొచ్చి సోఫాను ముందుకు లాగి ట్రే పెట్టాం. సాయంత్రం తెల్లది అందులోకెక్కి, గడ్డి నములుతూ, ఏదో ఆలోచిస్తున్నట్టు ఆగింది. ముగ్గురం ఊపిరి బిగబట్టాం. టపటపమని చప్పుడు.

"గుడ్ గర్ల్!" అన్నాను వార్డు గొంతుతో.

ఆ వారమే హారిస్ పార్క్ నుంచి మాకు తెలిసిన అంకుల్ భోజనానికి వచ్చారు. పులిహోర ప్లేటుతో సోఫా చివర కూర్చున్నారు. పక్కనే ట్రేలో బూడిదరంగుది ఆయన కళ్ళలోకి చూస్తూ గడ్డి నములుతోంది.

"ఏమ్మా, ఇది తింటోందా, లేక..."

"రెండూనండీ అంకుల్."

ఆయన ఒక్క క్షణం ఆలోచించి, ప్లేటు తీసుకుని సోఫా రెండో చివరికి జరిగారు.

ఆపరేషన్లయ్యాక తెల్లది పూర్తిగా దారికొచ్చింది. బూడిదరంగుది మాత్రం ఇప్పటికీ పొద్దున్నే ట్రే బయట ఓ నాలుగు పెంటికలు వేస్తుంది. వాటిని ఏరి కరివేపాకు కుండీలో వేసే పని మా ఆయనది.