ముద్దనూరు బస్సులో ముడత గిల్లిన కూర

మా మేనల్లుడి పెండ్లాం కడుపుతో ఉంది. పేరు జోనాకి, పుట్టిల్లు అస్సాం. పులివెందులలో మా అక్క నోరు తిరగక జానకి అంటుంది. ఐదో నెల వచ్చినా ఆ పిల్లకు రెండు ముద్దలు కడుపులో నిలవడం లేదు. రక్తం తక్కువైంది, వారంలో తిండి పడకపోతే కడపలో చేర్చండి అని డాక్టరమ్మ చెప్పేసింది. పిల్లేమో ఢేకియా కావాలంటుంది. అది వాళ్ళ వైపు వాగుల పక్కన మొలిచే ఫెర్న్ మొక్క. కూర వండుకుంటారట. దాంట్లో ఇనుమూ విటమిన్లూ దండిగా ఉంటాయని మేనల్లుడు ఫోనులో చూసి చెప్పాడు. ఫోను చెప్పాక ఇంక డాక్టరమ్మ మాటెందుకు?

జమ్మలమడుగులో కట్టడం పనిచేసే వాళ్ళ ఊరి మేస్త్రీ ఊరికి పోయి వస్తూ ఆ కూర ఒక మూట తెచ్చాడు. దాన్ని పులివెందుల చేర్చే పని ప్రొద్దుటూరులో ఖాళీగా కనిపించిన నా మీద పడింది. నేను ఏడో తరగతితోనే బడికి దండం పెట్టినవాణ్ణి. మూట మోయడానికి ఆ చదువు చాలు.

పొద్దున ఏడుంపావుకు బస్సెక్కి ఎనిమిదికి జమ్మలమడుగులో దిగాను. బస్టాండు ఎదుట ఉగ్గాని, మిరపకాయ బజ్జీ నలభై రూపాయలు. కన్నీళ్ళు ఉచితం. మేస్త్రీ తడిగోనెలో చుట్టిన మూట చేతికిచ్చి హిందీలో చాలాసేపు జాగ్రత్తలు చెప్పాడు. నేను శ్రద్ధగా తల ఊపాను. ఆ భాషలో నాకు వచ్చింది అంతే.

తొమ్మిదిన్నరకు పులివెందుల బస్సు. ముద్దనూరు దగ్గర మూట విప్పి నీళ్ళు చల్లుతుంటే పక్క సీటు పెద్దాయన తొంగి చూశాడు. మిరప రైతట.

"ఏందప్పా అది?"

"కూరాకు మామా. కడుపుతో ఉండే పిల్లకు."

"కొసలన్నీ ఎట్ల చుట్టుకోని ఉండాయో సూడు! ముడత తెగులు. మా మిరపతోట ఇట్లనే పాయె. దీన్నా కడుపుతో ఉండే పిల్లకు పెట్టేది?"

చూస్తే నిజమే. ప్రతి కాడ కొసా ముట్టుకుంటే ముడుచుకునే రోకలిబండ పురుగులా ఉంది. ఆయన, నేను, వెనక సీటు ఆమె కలిసి చుట్టుకున్న కొసలన్నీ గిల్లి కిటికీలోంచి పారేశాం. ఇంత శుభ్రంగా నా జన్మలో ఏ పనీ చేయలేదు. "ఈసారి మందు కొట్టమని సెప్పు" అని పెద్దాయన దిగిపోయాడు.

పదకొండుంపావుకు ఇల్లు చేరాను. జానకి ఆత్రంగా మూట విప్పింది. తెలుగు మా అక్క దగ్గరే నేర్చుకుంది కాబట్టి మా యాసే.

"మామా, చుట్టుకోని ఉంటాయే, అవి యాడ?"

"ముడత పట్టినాయమ్మా. గిల్లి పారేసినాం."

"తినేది అవే మామా!"

పిల్ల కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. "మూడు దినాలు రైల్లో వచ్చిన కూరను రెండు గంటల్లో నాశనం చేసినావు కదరా!" అంది అక్క.

మిగిలిన కాడల్నే ఉడికించి, నీళ్ళు వార్చి, వెల్లుల్లితో వేయించారు. పచ్చిగా తినకూడదట. కనిపించిన ప్రతి ఫెర్నూ తినేది కాదట. అటు వెళ్ళేవాళ్ళు గుర్తుపెట్టుకోండి. ఇంతా చేస్తే నమలబోతే నులకతాడు.

బస్సులో జరిగిందంతా నాతో చెప్పించుకుని, జానకి వాళ్ళమ్మకు వీడియో కాల్ చేసి నా మీద ఫిర్యాదు మొదలుపెట్టింది. అవతల అమ్మ, చెల్లెళ్ళు, పక్కింటివాళ్ళు వరసగా వచ్చి నన్ను చూసిపోయారు. మందు కొట్టమన్న సంగతి దగ్గరకు వచ్చేసరికి వాళ్ళమ్మ నవ్వలేక నేల మీద కూర్చుండిపోయింది. ఏడుస్తున్న పిల్లకూ నవ్వొచ్చింది. చెబుతూ, నవ్వుతూ, ముందరున్న పప్పన్నంలో చెయ్యి పెట్టింది. ముద్ద మీద ముద్ద పోతోంది. అక్క నోటి మీద వేలు పెట్టి సైగ చేసింది. మేమెవరమూ కదల్లేదు.

నాలుగున్నరకు తిరుగు బస్సు. తిన్నది నిలుస్తుందో లేదోనని ఫోను చేతిలోనే పట్టుకుని కూర్చున్నాను. సగం దారిలో మోగింది.

"నిలిచిందిరా! ఇనుము మాత్ర కూడా మింగింది" అంది అక్క.

ఢేకియాలో ఏ పోషకం ఎంతుందో ఫోన్లున్నవాళ్ళు చూసుకోండి. కడుపులో పడకుండానే పనిచేసే ఆకుకూరను మాత్రం నేను చూడటం ఇదే మొదలు.

"రేపు అన్నం యాళకు మళ్ళా రా. జానకి మేనమామ కూడా ఫోన్లో నిన్ను సూడల్లంట" అంది అక్క.

"వచ్చేటప్పుడు ఏమన్నా తేవల్లనా?"

"ఏమీ తేవద్దు నాయనా. ఉత్త మొగం తీసుకోని రా, సాలు."