కొబ్బరి కాటా మీద మా ఆయన

అన్నం మానిపించి మొగుణ్ణి లావు చేసిన ఘనత నాది. అచ్చుతప్పు కాదండీ, మీరు సరిగ్గానే చదివారు. ఇంకాస్త ఉంటే ఆయన ఉద్యోగాన్ని కూడా దిబ్బరొట్టెతో పాటు మూకుట్లో మాడ్చేసేదాన్నే. చుట్టాలు మంచివాళ్లు కాబట్టి బతికి బట్టకట్టాం.

మా ఆయన మస్కట్‌లో క్రేన్ నడుపుతారు. ఆ ఏడు సెలవు మీద మలికిపురం బయల్దేరే ముందు కంపెనీ డాక్టరు పిలిచి, బరువు తగ్గి వస్తేనే మళ్లీ క్రేన్ ఎక్కనిస్తానని చెప్పాడట. క్రేన్ ఎత్తే బరువుకే కాదు, ఎక్కేవాడి బరువుకీ ఓ హద్దుంటుందని నాకప్పుడే తెలిసింది. మా ఇల్లు చూస్తే గోడలు లేచి స్లాబు కోసం ఎదురుచూస్తోంది. ఆయన మొహం వేలాడేసుకుని కూర్చున్నారు.

"మీరేం బెంగపెట్టుకోకండి. సెలవయ్యేలోపు మిమ్మల్ని ఈనెపుల్లలా చేసి పంపిస్తాను" అన్నాను.

ఆ ధైర్యం ఫోన్లోంచి వచ్చింది. బరువు తగ్గడానికి పది నిమిషాల్లో అయిపోయే వంటలని ఒకావిడ వీడియో పెట్టింది. మొదలుపెడుతూనే "ముందు అన్నం మానేయండి" అంది. ఓస్, ఇంతేనా అని ఆపేశాను. అన్నం ఉడికిందో లేదో తెలియడానికి ఒక్క మెతుకు చాలదూ? వీడియోకీ అదే సూత్రం.

పైగా అన్నం మానడం మాకేమైనా కొత్తా? మా అత్తయ్యగారు కాపురానికొచ్చిన నాటినుంచీ శనివారం రాత్రి అన్నం ముట్టరు. నాలుగట్లు, కాస్త ఉప్మా, ఓ చక్కెరకేళీ అరటిపండు, గ్లాసుడు పాలు, అంతే పాపం. దాన్నే మేం ఉపవాసం అంటాం. ఆ లెక్కన మా ఆయనకి రోజూ శనివారం చేసేస్తే సరిపోతుందని తేల్చుకున్నాను.

పొద్దున పనసాకు బుట్టల్లో ఇడ్లీపిండి పోసి ఉడికించిన పొట్టిక్కలు, మధ్యాహ్నం దిబ్బరొట్టె, రాత్రి అటుకుల ఉప్మా. ఒకనాడు ఆయన రొట్టె ముక్క తుంచి వెలుతుర్లో పెట్టి చూశారు.

"ఏవోయ్, ఇందులో బియ్యపు రవ్వ ఉన్నట్టుందే?"

"రవ్వ రవ్వే, అన్నం అన్నమే. మెతుకు కనిపిస్తోందా మీకు?"

"లేదు."

"మరి తినండి."

తిన్నారు. మంచి మనిషి. మిగిల్చినవి నేను తినేదాన్ని. నానబోసిన పప్పు, రుబ్బిన పిండి పారబోస్తామా చెప్పండి?

అక్కడితో ఆగినా బాగుండేది. గల్ఫ్ నుంచి మనిషొచ్చాడంటే చుట్టాలందరూ భోజనానికి పిలవాల్సిందే కదా. పిలిచిన వాళ్లందరికీ ముందే ఫోన్ చేశాను.

"పిన్నీ, ఆయనకి అన్నం మాత్రం పెట్టకు. ఉద్యోగం సంగతి."

"ఆయ్, అలాగేనమ్మా! మెతుకు తగలనిస్తానేటి?" అంది అల్లవరం పిన్ని.

మాట నిలబెట్టుకుంది. గారెలు, పూర్ణాలు, సేమియా, చివర్న పూతరేకులు. "అయ్యో, అన్నం తినని మనిషి, దార్లో నీరసం వచ్చేస్తాదమ్మా" అని ఇంకో డబ్బా కట్టిచ్చింది. రాజోలు మేనత్త ఉప్మా పెసరట్లు పెట్టి, అవి చాలవన్నట్టు పైన బెల్లం పానకం కూడా పోసింది. అన్నం తినని అల్లుడని అందరికీ ఎంత జాలో! ఆ డబ్బాలన్నీ మా ఇంట్లోనే చేరాయి. వాటి సంగతి గుర్తుపెట్టుకోండి.

సెలవు సగం అయ్యాక, ఆయన్ని గర్వంగా మా పెద్ద మావయ్య కొబ్బరి కొట్టుకి తీసుకెళ్లాను. ఊళ్లో దిగిన రోజు ఆయన బరువు చూసింది అక్కడి కాటా మీదే. మావయ్య కురిడీ కొబ్బరికాయల బస్తా పక్కకి దింపించాడు.

"చెప్పులు విప్పి ఎక్కండి అల్లుడుగారూ."

ఎక్కారు. మావయ్య అంకె చూశాడు. కళ్లజోడు తుడుచుకుని మళ్లీ చూశాడు.

"జేబులో ఏవైనా ఉన్నాయేటండీ?"

"రుమాలుందండీ."

"అదీ తీసేయండి." మళ్లీ చూశాడు. "అమ్మాయ్, వచ్చినప్పటికన్నా నాలుగు కేజీలు పెరిగేరు."

"నీ కాటా పాడైంది మావయ్యా!"

"గట్టిగా అనకే తల్లీ! ఊళ్లో కొబ్బరంతా దీని మీదే తూస్తున్నాను."

మా ఆయన కాటా దిగి చెప్పులు వేసుకున్నారు. "పోన్లే, ఇక్కడే ఏదో పని చూసుకుంటాను. స్లాబు తర్వాత వేసుకుందాం" అన్నారు మెల్లిగా. తిట్టినా బాగుండును. ఆ కొబ్బరి బస్తా మీదే కూలబడి ఏడ్చేశాను.

"ఏం పెట్టేవమ్మా అల్లుడికి?" అన్నాడు మావయ్య.

చెప్పాను. అంతా విని, "ఒక్క మెతుకులే లేవు గానీ, బియ్యమంతా అందులోనే ఉంది కదమ్మా!" అన్నాడు. ఫోన్ తీసి వీడియో పెట్టాను. నేను ఆపిన చోటు దాటగానే ఆవిడ చెప్పింది: "అన్నమొక్కటే మానితే లాభం లేదు. అట్లు, ఇడ్లీలు, అటుకులు, స్వీట్లు కూడా మానాలి."

ఆ సాయంత్రమే మావయ్య చుట్టాలందరికీ ఫోన్లు చేశాడు. ఒక్కరూ నవ్వలేదు, కనీసం నాకు వినబడేలా. పిన్ని రొయ్యలూ గోంగూరా వండి అల్లవరం నుంచి పంపింది. మేనత్త అట్ల పెనం అటకెక్కించి చేపల పులుసు పెట్టింది. నేను వీడియో చివరిదాకా చూసి గుడ్డట్లు, పచ్చికొబ్బరి వేసిన క్యాబేజీ వేపుడు, అన్నంలా తురిమిన కాలీఫ్లవర్ నేర్చుకున్నాను. నిజంగానే పది నిమిషాల పని.

మమ్మల్ని భోజనానికి పిలిచిన రోజున మావయ్య తన ముందున్న అన్నం గిన్నె పక్కకి తోసేశాడు. ముద్ద పప్పన్నం లేనిదే చెయ్యి కడగని మనిషి.

"నీకేమైంది మావయ్యా?"

"అల్లుడుగారు చూస్తుండగా నేనెలా తిననమ్మా?"

సెలవున్నన్నాళ్లూ, మా ఆయన పక్కన కూర్చున్న ప్రతిసారీ అలాగే తిన్నాడు. ఆ రుణం ఏ జన్మకి తీర్చుకుంటానో నాకు తెలియదు. చెప్పబోతే "ఊరుకోవే" అంటాడు.

సెలవయ్యి ఆయన వెళ్లాక మస్కట్ నుంచి ఫోనొచ్చింది. "డాక్టరు సరేనన్నాడు. క్రేన్ ఎక్కేనే!" ఆ గొంతు విని అత్తయ్యగారూ నేనూ కలిసి ఏడ్చాం. వెంటనే కొబ్బరి కొట్టుకి పరిగెత్తాను. మావయ్య సంతోషం పట్టలేక, "సరదాకి నువ్వూ ఓసారి ఎక్కమ్మా" అన్నాడు.

ఎక్కాను. మావయ్య చూశాడు. కళ్లజోడు తుడుచుకున్నాడు. నా జేబులు అడుగుదామంటే చీరకి జేబులుండవు.

"ఆయ్! అల్లుడుగారి బరువు ఎక్కడికీ పోలేదమ్మా. అంతా ఇంట్లోనే ఉంది."

ఆ డబ్బాలూ, ఆ పిండీ ఎవరు తిన్నారనుకున్నారు మరి? అందుచేత, ఆ కొబ్బరి కాటా సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను: ఇక ఈ జన్మలో వీడియో సగంలో ఆపను, దిబ్బరొట్టెని ఉపవాసం అనను, పారేయడం పాపమని నా పొట్టలో వేసుకోను. ఒక్క శనివారం రాత్రి తప్ప.