కొట్లాట లేని నీళ్ల వరస

నాకు డాక్యుమెంటరీల పిచ్చి. ఆత్మకూరులో ఆఫీసు ముగించుకుని ఉదయగిరి బస్సెక్కితే, ఇల్లు చేరేలోపు ఫోన్లో ఒక దేశం చుట్టి వస్తాను. ఒక ఆదివారం ఎక్కడో ఎడారి దేశంలో నీటి కరువు మీద తీసిన చిత్రాన్ని మా అవ్వకు చూపించాను. బావి దగ్గర ఆడవాళ్లు క్యాన్లు పట్టుకుని వరసగా, మౌనంగా నిలబడి ఉన్నారు. వెనక ఏడుపు సంగీతం. నాకు కళ్లు చెమర్చాయి. అవ్వ పెదవి విరిచింది.

"ఇదంతా అబద్ధంరా. నీళ్ల కాడ కొట్లాట ఏదీ?"

నాకు ఒళ్లు మండింది. ప్రపంచమంతా మెచ్చిన చిత్రం, నీకేం తెలుసని అరిచాను.

"నీళ్ల సంగతి నాకు తెలవదా?" అని అవ్వ బిందె కడగడానికి లేచింది.

మర్నాడు పొద్దున మా వీధికి ట్యాంకర్ వచ్చింది. నేనూ ఒక డాక్యుమెంటరీ తీద్దామని ఫోన్ ఎత్తాను. అంతవరకూ పైపు కోసం పెనుగులాడుతున్న వాళ్లంతా కొంగులు సర్దుకుని వరసలో నిలబడ్డారు. రోజూ బూతులు లంకించుకునే పక్కింటావిడ, "ముందు నువ్వు పట్టుకో అక్కా" అని వెనకున్నామెకు పైపు అందించింది. ఆమేమో "కాదు, నువ్వే పట్టుకో" అంది. నీళ్లు నేలపాలవుతున్నాయి.

అవ్వ నా వైపు తిరిగింది. "చూసినావా? ఆ ఊర్లో కూడా నీలాంటోడే ఎవుడో ఎదురుగా నిలబడుంటాడు. ఫోను జేబులో పెట్టరా. ఈ మర్యాదలు అయ్యేలోపల ట్యాంకర్ పొయ్యేటట్టుండాది."

పెట్టాను. మరుక్షణం కొట్లాట మొదలైంది. మొదలుపెట్టింది మా అవ్వే.