కామెంట్లలో మా ముచ్చట్లు

మహబూబ్‌నగర్‌లో డిగ్రీ చదివే రోజుల్లో మా కంప్యూటర్ ల్యాబ్‌లో మాట్లాడకూడదని గట్టి నియమం ఉండేది. ఇద్దరికి ఒక కంప్యూటర్. నా పక్కన కూర్చునే అమ్మాయిది మర్రిగూడ. హాస్టల్లో కూడా మాది ఒకే గది. నోరు మూసుకుని కూర్చోవడం ఆమె వల్ల అయ్యేది కాదు. అందుకే ఒక ఉపాయం కనిపెట్టింది. సి ప్రోగ్రామ్‌లో మనుషులు చదువుకోవడానికి రాసే మాటలను కామెంట్లంటారు. కంప్యూటర్ వాటిని పట్టించుకోదు. ఆమె చెప్పదలచుకున్నదంతా కామెంట్లుగా టైప్ చేసేది, నేను కింద జవాబు రాసేదాన్ని. చూసేవాళ్లకు ఇద్దరం తెగ కష్టపడుతున్నట్టు కనిపించేవాళ్లం.

ఒకరోజు ల్యాబ్ మేడమ్ కొత్త పని చెప్పారు. ఒక ఫైలు చదివి, అందులోని కామెంట్లు తీసేసి, మిగిలినదాన్ని ఇంకో ఫైలులో రాసే ప్రోగ్రామ్ కావాలి. మా ముచ్చట్లన్నీ ఒక్క దెబ్బకు చెరిగిపోతాయని నాకు భలే సంతోషమేసింది. ప్రోగ్రామ్ రాసి, మా పాత ఫైలునే ఇచ్చాను. తయారైన ఫైలు తెరిస్తే ఖాళీ. కామెంట్లతో పాటు అసలు ప్రోగ్రామ్ కూడా పోయింది.

అప్పటికే మేడమ్ వెనక నిలబడి ఉన్నారు. పాత ఫైలు తెరవమన్నారు. తెరవక తప్పలేదు.

ఫైలు మొదటి వరుసలోనే నా స్నేహితురాలి కామెంట్: "మేడమ్ పొద్దుగాల ఏం తినకుండనే వచ్చినట్టుంది, గందుకే గింత కోపం." దాని కింద నేను రాసింది: "కాదే, కొత్త చెప్పులు కరుస్తున్నట్టున్నయ్."

మేడమ్ నిదానంగా చదివారు. మాతో ఎప్పుడూ పుస్తకాల భాషే మాట్లాడే మనిషి, ఒకసారి తన కాళ్ల వైపు చూసుకున్నారు.

"చెప్పులే," అన్నారు. "షాద్‌నగర్‌కెల్లి బస్సుల నిలబడి వస్తున్న. కాళ్లు పుండ్లైతున్నయ్."

తర్వాత నా తప్పు చూపించారు. కామెంట్ ఒక స్టార్‌తో, ఆ వెంటనే ఒక ఏటవాలు గీతతో ముగియాలి. నా స్నేహితురాలు అందానికని రెండేసి స్టార్లు పెట్టేది, ఆమెను చూసి నేనూ అలాగే పెట్టేదాన్ని. మొదటి స్టార్ పక్కన గీత లేదని నా ప్రోగ్రామ్ రెండోదాన్ని కూడా దాటేసి, కామెంట్ ఇంకా అయిపోలేదనుకుని ఫైలు చివరిదాకా మింగేసింది. స్టార్ తర్వాత మళ్లీ స్టార్ వస్తే దాని పక్కన కూడా చూసేలా మార్చాను. ఈసారి ప్రోగ్రామ్ మిగిలింది, మా కబుర్లు పోయాయి.

"ఇగ నోటితోనే మాట్లాడుకోండ్రి, జర మెల్లగ," అని మేడమ్ పక్క బల్ల దగ్గరికి వెళ్లారు.

తీరా అనుమతి దొరికాక నా స్నేహితురాలికి మాటలు తోచలేదు. ఆకలవుతోందని మాత్రం అంది.