కాలిన బొమ్మకు దాహమట...

మా చిన్నప్పుడు... యుద్ధం రోజులు. మా చిన్నాయన కనకయ్య మిలిటరీలో ఉండేవాడు. ఒక పొద్దున టెలిగ్రాం వచ్చింది. బడిపంతులు చదివి, కళ్లద్దాలు తీసి, "కనకయ్య పోయిండు" అన్నాడు. అంతే... శవం రాలేదు.

శవం రాకపోతే మా దిక్కు ఒక పద్ధతి ఉంది. గడ్డితో మనిషంత బొమ్మ కడతారు. తలకు కొబ్బరికాయ పెడతారు. పోయినవాడి అంగీ తొడిగి, పేరు పెట్టి పిలిచి, పాడె మీద తీసుకుపోయి కాలుస్తారు. మా నానమ్మ ఆ అంగీకి గుండీలు తానే పెట్టింది. చిన్నమ్మ గాజులు పగలగొట్టారు.

ఆ తర్వాత ఊళ్లో ఒక కథ పుట్టింది. ఎవడు పుట్టించాడో గాని... యుద్ధంలో పోయినవాళ్ల బొమ్మలకు ప్రాణం వస్తుందట. మంటలోంచి లేచి, పోయినవాడి మొహం పెట్టుకుని ఇల్లు వెతుక్కుంటూ వస్తాయట. గుర్తుపట్టడానికి ఒకటే గుర్తు... దాహం. నిప్పుల్లో కాలాయి కదా, ఎన్ని నీళ్లు పోసినా ఇంకా అంటాయట. రెండో చెంబు పోసినవాళ్లను వెంట తీసుకుపోతాయట.

పిల్లలం వణికిపోయేవాళ్లం. పెద్దవాళ్లన్నా నవ్వి కొట్టిపారేయాలి గదా... వాళ్లూ నమ్మారు.

ఎండలు ముదిరినప్పుడు చిన్నాయన వచ్చాడు.

ఎముకలగూడు. ఒక చెయ్యి మోచేతి కింద లేదు, కట్టు కట్టి ఉంది. ఎక్కడో ఆసుపత్రిలో ఒళ్లు తెలియకుండా పడి ఉన్నాడట, ఎవరో తప్పు రాశారు. బస్సు దిగి ఆ ఎండలో ఊరిదాకా నడిచాడు. వాకిట్లో నిలబడి, "అవ్వా... నీళ్లియ్యి" అన్నాడు. చెంబెడు గటగటా తాగాడు. చెంబు మళ్లీ చాపాడు. "ఇంకింత."

వాకిట్లో జనమంతా వెనక్కి జరిగారు.

"పొయ్యకు పోచవ్వా!" పక్కింటి రాజయ్య పటేలు అరిచాడు. "అది నీ కొడుకు గాదు, బొమ్మ! మేమే కట్టినం, మేమే కాలవెట్టినం. మాకెరుక లేదా?"

నానమ్మ వెనక్కి తిరిగైనా చూడలేదు. "మీరు కాలవెట్టింది గడ్డిని. వీన్ని నేను కన్న. జరుగుండ్రి." రెండో చెంబు పోసింది. మూడోదీ పోసింది.

మర్నాడు దూలానికి పాత చీరతో, పసిపిల్లలకు కట్టినట్టు తొట్టెల కట్టింది. కర్మ చేసినాక తిరిగొచ్చినవాడు మళ్లీ పుట్టినట్టే, మళ్లీ పేరు పెట్టాలట. అంత మనిషిని అందులో కూర్చోబెట్టింది. "దూలం ఇరుగుతదే అవ్వా" అన్నాడు చిన్నాయన సిగ్గుపడుతూ. "ఇరుగనియ్యి" అంది. చెవిలో మూడుసార్లు పేరు చెప్పింది. చిన్నమ్మకు మళ్లీ పుస్తె కట్టించింది.

అంత చేసినా... చచ్చేదాకా ఊరు ఆయనను "బొమ్మ కనకయ్య" అనే పిలిచింది. చాయ్ హోటల్లో గ్లాసు వేరే. బావి దగ్గరికి వస్తే చేదలు ఎత్తుకునేవాళ్లు. దేశం కోసం చెయ్యి పోగొట్టుకున్నవాడికి ఊరిచ్చిన ఇనాము అది! ఆ కోపం నాకు ఈరోజుకీ దిగలేదు.

ఇది ఇప్పుడెందుకు రాస్తున్నానంటే...

నేను మగ్గాల పనికి సూరత్ వచ్చి, ఇక్కడే ఉధ్నాలో ముసలివాడినయ్యాను. కరోనా రెండోసారి వచ్చినప్పుడు మా కింది ఖోలీలో, అదే కింది గదిలో, తోటి పిలగాండ్లతో ఉండే మల్లేశ్‌ను అంబులెన్సు తీసుకుపోయింది. మా దిక్కు పిలగాడే. కొన్నాళ్లకు పోయాడని వాళ్ల ఊరికి ఫోను. శవం ఇవ్వరట. ఊళ్లో గడ్డిబొమ్మ కట్టి కాల్చారు. ఖోలీలో పిలగాండ్లంతా దాన్ని ఫోనులో చూసి ఏడ్చారు.

ఒక మిట్టమధ్యాహ్నం మల్లేశ్ నడుచుకుంటూ వచ్చాడు. పోయింది అదే పేరున్న ఇంకో మనిషి. మల్లేశ్ చేతిలో ఫోను లేదు. ఆటోవాళ్లు ఎక్కించుకోలేదట. తలుపు కొట్టి, "అన్నా, జర నీళ్లియ్యుండ్రి" అన్నాడు.

లోపల గొళ్లెం పడింది. కిటికీలోంచి నర్సింలు... వీడితో ఒకే కంచంలో తిన్నవాడు.

"రాకు! నీ బొమ్మ కాలంగ మేం ఫోన్ల సూసినం."

"అరే, అది గడ్డిరా! నేనీడున్న గదా!"

"ఎవలకెరుక? బొమ్మవైనా ఒద్దు, కరోనావైనా ఒద్దు. రైలు స్టేషన్‌కు పో."

నేను నలుగురిలో నోరు తెరిచే మనిషిని కాను. ఆరోజు మెట్లు దిగి, చెంబుతో నీళ్లిచ్చాను. తాగాడు. మళ్లీ చాపాడు. "ఇంకింత పెద్దయ్యా."

"పొయ్యకు పెద్దయ్యా!" కిటికీ మొత్తం అరిచింది.

అదే మాట! యాభై ఏండ్లు దాటినా, ఇంత దూరం వచ్చినా, అదే మాట. ఒళ్లు మండిపోయింది. "నోరు ముయ్యుండ్రి, సిగ్గులేనోళ్లారా!" అని అరిచాను. నా గొంతేనా అనిపించింది. రెండో చెంబు పోశాను.

తర్వాత వాడు చెప్పిన నంబరుకు వాళ్ల తల్లికి ఫోను కలిపాను. వాడు "అమ్మా" అనగానే ఆమె భయంతో, "ఎవలు బిడ్డా నువ్వు?" అంది. వాడు ఫోను నాకిచ్చి మెట్ల మీద కూర్చున్నాడు.

"అమ్మా, నీ కొడుకు బతికే ఉన్నడు, తొట్టెల తర్వాత కడుదువు" అన్నాను. "ముందు పేరు వెట్టు." ఫోను వాడి చెవికి ఆనించాను.

తర్వాత సన్నగా... "మల్లేశా..." మళ్లీ... "మల్లేశా..." మూడోసారి ఆ తల్లి గట్టిగానే పిలిచింది. వాడు రెండు చేతులతో ఫోను పట్టుకుని చిన్నపిల్లాడిలా ఏడ్చాడు.

నెలరోజులు నా దగ్గరే ఉండి ఊరికి పోయాడు. నర్సింలు ఇప్పటికీ "బొమ్మ మల్లేశ్ ఎట్లున్నడు పెద్దయ్యా?" అని నవ్వుతాడు. నాకు నవ్వు రాదు.

టెలిగ్రాములు పోయాయి, చేతిలోకి ఫోన్లు వచ్చాయి... రెండో చెంబు పోసే నానమ్మలు మాత్రం కనబడడం లేదు.

మీ ఊళ్లోనూ బతికొచ్చిన మనిషికి ఇట్లాంటి పేరు తగిలించారా? ఉంటే రాయండి... ఆ మనిషి అసలు పేరుతో రాయండి.