కుండీ వెనక మెట్లు

మా ఆయనకు పాత సినిమాల్లో కథ అక్కర్లేదు, వీధి కావాలి. మద్రాసు స్టూడియోలో వేసిన ఒకే వీధి ఒక సినిమాలో బెజవాడ, ఇంకో సినిమాలో రాజమండ్రి. హీరోయిన్ గుండెలవిసేలా ఏడుస్తుంటే ఈయన, "అదిగో మన వీధి! ఆ గుండ్రటి కిటికీ చూడవే" అని అరిచేవారు. ఏడుపు సీను కాస్తా గంగలో కలిసేది. మొదట్లో నాకు ఒళ్ళు మండేది. తర్వాత నాకూ ఆ పిచ్చి పట్టుకుంది. వీధిని ముందు గుర్తుపట్టినవాళ్ళు గెలిచినట్టు. ఓడినవాళ్ళు కాఫీ పెట్టాలి. సత్యనారాయణపురంలో మా ఎదురు ఫ్లాట్‌లో ఎవరుంటారో సరిగ్గా తెలియదు గానీ, ఆ అట్టల వీధిలో ప్రతి గుమ్మమూ మాకు తెలుసు.

ఒక్క ఇంటి దగ్గరే పేచీ వచ్చింది. ఒక సినిమాలో డాక్టరు ఇల్లు, మరో సినిమాలో వడ్డీ వ్యాపారి ఇల్లు. రెండూ ఒకటేనని ఆయన పట్టు.

"డాక్టరింటికి పక్కన మెట్లున్నాయండీ. వ్యాపారింటికి ఏవీ?"

"ఎక్కడికి పోతాయే? ఏదో అడ్డం పెట్టుంటారు."

"మీకన్నీ ఒకలాగే కనపడతాయి లెండి."

తేల్చుకుందామంటే ఆ రెండో సినిమా మళ్ళీ టీవీలో రాలేదు. నిరుడు కార్తీకంలో ఆయన పోయారు. ఆ తర్వాత టీవీ పెట్టబుద్ధి కాలేదు. వీధి కనిపిస్తే ఎవరికి చెప్పను?

మొన్న మధ్యాహ్నం ఫోన్‌లో ఏదో వెతుకుతుంటే ఆ సినిమా దొరికింది. వ్యాపారి ఇల్లు రాగానే బొమ్మ ఆపి, పెద్దది చేసి చూశాను. గుమ్మం పక్కన పెద్ద క్రోటన్ కుండీ. దాని వెనక నుంచి మెట్ల అంచులు కనపడుతున్నాయి.

"ఏవండీ! మీరన్నదే నిజమండీ! మెట్లున్నాయి!"

వంటింటి వైపు తిరిగి గట్టిగానే అరిచాను. అక్కడ ఎవరూ లేరని నోటికి తెలియలేదు. తెలిశాక వచ్చిన దిగులు ఆయన పోయిన రోజున కూడా రాలేదు. ఆ రోజు ఇంటినిండా జనం.

ఎవరో తలుపు కొట్టారు. ఎదురు ఫ్లాట్ ఆవిడ.

"ఎవర్నో పిలుస్తున్నట్టు వినపడిందండీ. ఏమన్నా కావాలా?"

"అబ్బే, ఏం లేదండీ. సినిమాలో మాటలు."

"సౌండ్ బాగా ఎక్కువ పెట్టారండీ" అని నవ్వి ఆవిడ వెళ్ళిపోయింది.

తలుపేసుకుని వంటింట్లోకి వెళ్ళి కాఫీ పెట్టాను. ఓడింది నేనే కదా.